దరఖాస్తుకు జతచేసిన ఫొటో

నేను రాసినన్ని దరఖాస్తులు ఏ నిరుద్యోగీ రాసి ఉండడు. నా కోసం రాసుకున్నవి రెండో మూడో. మిగిలినవన్నీ ఊళ్ళ కోసం. బావి కావాలని, బడికి కప్పు కావాలని, ఆడవాళ్ళకు కుట్టు మిషన్లు కావాలని, నేను ఎన్నడూ చూడని దేశాల్లోని ఎన్నడూ చూడని మనుషులకు రాసేవాణ్ణి. డిగ్రీ చదివాడు, ఇంగ్లీషు వస్తుంది అని కోరుట్లలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ వాళ్ళు నన్ను పనిలో పెట్టుకున్నారు. మాది సిరిసిల్ల. నాన్న మగ్గం నేసేవాడు. రోజంతా కూర్చుని కాగితాలు నింపడం ఒక పనేనా అని ఆయన అనుమానం. "నేసినోనికి సాయంత్రానికి బట్ట కనవడ్తది. నీకేం కనవడ్తదిరా?" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు నాన్న లేడు. ఆ ప్రశ్న మాత్రం ఇంకా ఉంది.

సంస్థ అంటే పెద్దగా ఊహించుకోకండి. బస్టాండు వెనక ఒక గది, రెండు బెంచీలు, మొరాయించే టైపు మిషను. నడిపే పెద్దాయన రిటైరైన బడిపంతులు. ఆయన దగ్గర ఒక లావుపాటి పుస్తకం ఉండేది. పల్లెల బాగు కోసం నిధులిచ్చే సంస్థలు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎవరు దేనికిస్తారు, ఎప్పటిలోగా అడగాలి, అన్నీ అందులో ఉండేవి. ఒకరు నీళ్ళకే ఇస్తారు. ఒకరు చెట్లకే ఇస్తారు. ఒకరు పిల్లలంటేనే వింటారు. ఊరికి ఏం కావాలో అడిగే ముందు, ఎవరు ఏమిస్తారో ఆ పుస్తకంలో చూసుకునేవాళ్ళం. అది తలకిందుల పని అని మాకు తెలుసు. తెలిసే చేశాం.

అవి అన్నల కాలం. ఊళ్ళలో నక్సలైట్లను అన్నలనే అనేవాళ్ళు. సంచి తగిలించుకుని పల్లెలు తిరిగే మాలాంటి వాళ్ళు పోలీసులకు అన్నల మనుషుల్లా కనబడేవాళ్ళం. అన్నలకేమో పరాయి దేశాల సొమ్ముతో వచ్చిన మనుషుల్లా కనబడేవాళ్ళం. ఇద్దరికీ సంజాయిషీ చెప్పుకోవాలి. ఏ ఊరికి పోయినా పొద్దు వాలకముందే బస్సెక్కాలని పెద్దాయన ఆజ్ఞ.

ముత్యంపేట దిక్కున్న ఒక ఊళ్ళో మగవాళ్ళు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాళ్ళు, లేదంటే చెరుకు నరకడానికి పోయేవాళ్ళు. ఆడవాళ్ళందరిదీ బీడీల పని. అక్కడ ఒకామె ఉండేది. నాకన్నా రెండు మూడేళ్ళు పెద్ద, అక్కా అని పిలిచేవాణ్ణి. మొదటిరోజు నేను పోయేసరికి గోడకు ఆనుకుని కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మంచం కోడుకు ఒక పాత చీర పీలిక కట్టి ఉంది. దాని రెండో కొస ఒక పాప నడుముకుంది. రెండేళ్ళు దాటి ఉంటాయేమో. పాప చాటలోని తంబాకు వైపు పోబోయింది. పీలిక వెనక్కి గుంజేసరికి కూలబడి దగ్గడం మొదలుపెట్టింది. అంత చిన్న ఒంట్లోంచి అంత ముసలి దగ్గు రావడం నేనెప్పుడూ వినలేదు.

నా ముఖం చూసి ఆమె చెయ్యి ఆపకుండానే అంది. "కట్టెయ్యకుంటే తంబాకు బుక్కుతది తమ్మీ. నాకేమన్న సరదానా? పోరగాండ్లను కూసోబెట్టి సూసుకునేటందుకు ఒక్క అర్ర ఉంటే సాలు. ఒక ముసల్దాన్ని పెట్టుకుంటం. గా తంబాకు గాలి లేని జాగల ఆడుకుంటరు. నువ్వేందో కాయితాలు రాస్తవట గదా, గదొక్కటి రాయి."

పుస్తకం చూసి మేం ఎంచింది కాక, ఒక ఊరు తనంతట తాను నోరు తెరిచి అడిగింది ఆ గది ఒక్కటే. వారం రోజులు రాశాను. ఆ ఆడవాళ్ళకు మార్చుకోవడానికి రెండో మంచి చీర లేదని రాశాను. పసిపిల్లలు మంచం కోళ్ళకు కట్టేసి ఉంటారని రాశాను. జగిత్యాల పోయి మంచి మిషను మీద టైపు కొట్టించి, అక్కడి పోస్టాఫీసులోనే రిజిస్టరు చేసి, పిల్లలంటేనే వినే ఒక పైదేశపు సంస్థకు పంపాను. నేను రాసిన వాటిలో అంత బాగా కుదిరిన దరఖాస్తు ఇంకోటి లేదని గర్వపడ్డాను కూడా.

నెలన్నరకు జవాబొచ్చింది. బెంగళూరులోని వాళ్ళ ఆఫీసు నుంచి ఒకాయన స్వయంగా వచ్చి ఊరు చూస్తాడట. పెద్దాయన మిఠాయి తెప్పించాడు. నేను ఊరికి పోయి చెప్పాను. అక్క ముఖం వెలిగిపోయింది. "గంత దూరం నుంచి మా ఇంటికి అత్తడా?" అంది. ఆ మాట దగ్గరే నేను ఆగి ఆలోచించాల్సింది. ఆమె అన్నది 'ఊరికి' అని కాదు, 'మా ఇంటికి' అని.

ఆయన వచ్చిన రోజు జీపు దిగి వాడలోకి అడుగుపెట్టగానే నేను రాసిన ఊరు ఇది కాదనిపించింది. వాకిళ్ళన్నీ పేడతో అలికి ముగ్గులేశారు. బీడీ చాటలన్నీ ఎటో మాయమయ్యాయి. ఒక్కొక్కరూ పెట్టెల అడుగునున్న పెళ్ళి చీరలు తీసి కట్టుకున్నారు. అవి కూడా లేనివాళ్ళు పక్క వాడల నుంచి అడిగి తెచ్చుకున్నారు. అక్క ఇంట్లో ఎవరివో కొత్త స్టీలు గిన్నెలు తళతళలాడుతున్నాయి. కోడికూర, గారెలు ఘుమఘుమలాడుతున్నాయి. వాళ్ళనే అనడమెందుకు? సారు కూర్చోవడానికి మడత కుర్చీలు కోరుట్ల నుంచి బస్సు మీద వేసుకుని ముందురోజు తెచ్చింది నేనే.

ఒక్క పిల్ల కనబడలేదు. కొందరిని పెద్దవాళ్ళ వెంట చెరుకు తోటలకు పంపారు. పాపను తల్లిగారింటికి మల్యాలకు పంపానని అక్క నా చెవిలో చెప్పింది. "ఒక్కతీరుగ దగ్గుతాంది తమ్మీ. సుట్టం తినంగ ముంగట దగ్గితే మంచిగుంటదా?"

బెంగళూరు సారు చెడ్డవాడు కాదు. అది చెప్పాలి. నేల మీద కూర్చున్నాడు, పెట్టింది తిన్నాడు, అందరినీ నవ్వుతూ పలకరించాడు. ఆయనకు తెలుగు రాదు. మధ్యలో నేను. మీ కష్టాలేమిటో చెప్పండి అని అడిగాడు. నేను తెలుగులో అడిగాను. అక్క కొంగు సర్దుకుని, "మాకేంది సారు, మంచిగనే ఉన్నం. ముందుగాల్ల ఇంకింత కూర ఏసుకో," అంది. పిల్లలెక్కడ అని అడిగాడు. "నా బిడ్డ అమ్మగారింట్ల ఉన్నది. మంచిగున్నది," అంది.

నేను ఆ మాటలను పొల్లు పోకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆమె అలా అంటోంది గానీ నేను నా కళ్ళతో చూశాను అని ఇంకో మాట కలపవచ్చు. కలపలేదు. ఎందుకు కలపలేదో ఇన్నేళ్ళు ఆలోచించాను. సిరిసిల్లలో నూలు దొరక్క మగ్గం ఆగిన రోజుల్లో ఎవరన్నా ఇంటికొస్తే, మా అమ్మ వాళ్ళకు ఉన్నదంతా పెట్టి, "మేం ఇప్పుడే తిన్నం" అనేది. మేమంతా గోడ వైపు చూసేవాళ్ళం. ఆ రోజు కూడా నేను గోడ వైపే చూశాను. సాయంత్రం కాకముందే సారును జీపెక్కించి పంపేశాం. మంచిగ జరిగిందని ఆడవాళ్ళందరూ సంబరపడ్డారు.

ఉత్తరం వచ్చింది. మర్యాదగానే రాశారు. చూసిన ఊళ్ళో పసిపిల్లలు కనబడలేదని, కుటుంబాలు దరఖాస్తులో చెప్పినంత లేమిలో లేవని, పిల్లలను చూసుకోవడానికి ఇళ్ళల్లో పెద్దవాళ్ళున్నారని రాశారు. కావాలంటే ఆధారాలతో మళ్ళీ అడగవచ్చన్నారు. ఉత్తరం పట్టుకుని ఊరికి పోయి అక్కకు చదివి వినిపించాను. ఆమె వంగి, మంచం కోడుకున్న ముడి విప్పి, పాపను ఎత్తుకొచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది.

"కనవడలేదంటడా? గిదో, ఉన్నది. తీస్కపోయి సూపెట్టు," అంది.

ఆధారం అంటే ఫొటో. ఊళ్ళోకి వచ్చి తీయమని కోరుట్లలో స్టూడియో ఆయనను బతిమాలాను. ఆయన రానంటే రానన్నాడు. ఆ రోజుల్లో పల్లెల్లో కెమెరా పట్టుకుని తిరిగే కొత్త మనిషి పోలీసుల చేతిలోనైనా అన్నల చేతిలోనైనా చిక్కవచ్చు. ఆయన భయం నాకు అర్థమైంది. అందుకని అక్కనే పాపను తీసుకుని కోరుట్ల రమ్మన్నాను.

వచ్చింది. పాపకు ఎవరి పిల్లదో కుచ్చుల గౌను తొడిగింది. ముఖానికి పౌడరు, కళ్ళకు కాటుక, బుగ్గన దిష్టిచుక్క. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంట్లో ఉన్నట్టే తీద్దాం అక్కా, అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. అప్పుడు, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, స్టూలు కోడుకు ఒక గుడ్డ కట్టి దాని కొస పాప నడుముకు కడదామన్నాను.

"నా బిడ్డను కట్టేసి ఫొటో దింపుతవా తమ్మీ?" అంది.

అరవలేదు, కోపంగా కూడా అనలేదు. నేను తల దించుకున్నాను. గౌనులోనే తీయించాను. ఒక్కటే ఫొటో కడిగించాం, దరఖాస్తుకు. "అర్ర కట్టినంక పెద్దది చేయించి అందులోనే గోడకు పెడదాం అక్కా," అన్నాను. ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది. ఫొటో నాలుగు రోజులకు చేతికొచ్చింది. కాగితానికి అంటించి, జగిత్యాల పోయి పోస్టు చేశాను. గడువు దగ్గర పడిందన్న తొందరలో, మధ్యలో ఊరికి తీసుకుపోయి ఆమెకు ఒక్కసారి చూపించాలన్న ఆలోచనే రాలేదు.

వానాకాలంలో ఎక్కడో ఎన్‌కౌంటరు జరిగి, బంద్ పిలుపొచ్చింది. బస్సులు ఆగిపోయాయి. నేను సిరిసిల్లలో ఇంట్లో ఇరుక్కుపోయాను. ఆ రోజుల్లోనే పాపకు జ్వరం ముదిరి ఊపిరి ఆడటం కష్టమైంది. బండి కట్టడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు. అక్క పాపను భుజానేసుకుని నడిచి కోరుట్ల వచ్చింది. పట్నంలో ఆమె సాయం అడగగలిగిన చోటు మా ఆఫీసు ఒక్కటే. తాళం వేసి ఉంది. నేను వస్తానేమోనని ఆ గడపలో కాసేపు కూర్చుందట. తర్వాత ఎవరో దవాఖానా దారి చూపించారు. పోయేసరికి పాప లేదు.

ఇది నాకు పెద్దాయన చెప్పాడు. నేను ఆ ఊరికి పోవడానికి రెండు నెలలు పట్టింది. బస్సుల వల్ల కాదు. నాకు ముఖం చెల్లక.

రెండో దరఖాస్తుకు కూడా జవాబొచ్చింది. ఆ ఏడాది నిధులు అయిపోయాయట. ఆ తర్వాత ఒకరోజు అక్క కోరుట్లలోని బీడీ కార్ఖానాలో బీడీలు అప్పజెప్పడానికి వచ్చి, మా గది గుమ్మంలో నిలబడింది. "తమ్మీ, గా ఫొటో నీ తాన ఉన్నదా?" అని అడిగింది.

నా దగ్గర లేదు. స్టూడియోకు పరుగెత్తాను. ఆ వానలకు కప్పు కారి, నెగెటివుల పెట్టె తడిసి, అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. బెంగళూరుకు ఉత్తరం రాశాను. ఆ ఒక్క ఫొటో తిరిగి పంపమని, దాని అవసరం ఒకే ఒక్క మనిషికని రాశాను. వచ్చిన దరఖాస్తులతోపాటు జతచేసినవన్నీ పైదేశంలోని పెద్దాఫీసుకు పోతాయని, తిరిగి రావని జవాబొచ్చింది. పైదేశానికీ రాశాను. అక్కడి నుంచి ఏమీ రాలేదు.

అక్క కార్ఖానాకు వచ్చినప్పుడల్లా గుమ్మంలో నిలబడి, "అచ్చిందా తమ్మీ?" అనేది. ఇంకా రాలేదక్కా, అనేవాణ్ణి. చాలా నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు ఆమె ఆ మాట అడగలేదు. లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"ఇగ రాదు గని తమ్మీ, నువ్వు సూసినవు గదా. నేను సూడనేలేదాయె. ఫొటోల ఎట్లున్నదో జర చెప్పు."

పేజీలకు పేజీలు రాసినవాణ్ణి, నాలుగు ముక్కలే చెప్పగలిగాను. గౌను కుచ్చులు బాగా పడ్డాయన్నాను. కాటుక చెదరలేదన్నాను. కెమెరా వైపు చూడకుండా పక్కకు చూస్తోందని, ఆ పక్కన నిలబడింది నువ్వే కాబట్టి నీ దిక్కే చూస్తోందని చెప్పాను. అందులో నేను కల్పించింది ఏమీ లేదు. పాప నిజంగానే అలాగే చూస్తోంది.

అక్క కళ్ళు తుడుచుకోలేదు. మెల్లగా అడిగింది.

"ఫొటోల దగ్గు కనవడది గదా తమ్మీ?"

"కనబడదక్కా," అన్నాను.