అన్నయ్య తర్వాతి నంబరు

పైలట్ల లోకంలో పుట్టినరోజుకున్న విలువ ఇంకెక్కడా ఉండదు. మా వదిన పనిచేసే విమాన కంపెనీలో ఒకేరోజు చేరినవాళ్ళకు సీనియారిటీ నంబర్లు వయసును బట్టి ఇస్తారు. పెద్దవాళ్ళు ముందు, చిన్నవాళ్ళు వెనక. ఏ విమానం నడపాలి, ఏ రోజు సెలవు, కెప్టెన్ ఎప్పుడవుతారు, అన్నీ ఆ నంబరే తేలుస్తుంది. వదిన చేరిన రోజు పక్క కుర్చీలో కూర్చున్నతను ఆమెకంటే కొన్ని వారాలు పెద్ద. అతని తర్వాతి నంబరు వదినకు వచ్చింది. “అయితే నువ్వు నాకు అన్నయ్యవన్నమాట” అని నవ్విందట వదిన. ఆ పిలుపే ఖాయమైపోయింది. మా మేనకోడలు పుట్టినప్పుడు ఆసుపత్రికి నాకంటే ముందు పరిగెత్తుకొచ్చింది అతనే. అబద్ధమెందుకు, అప్పట్లో నాకూ అతనంటే అభిమానమే.

తర్వాత రోజులు బాగోలేవు. ప్రయాణికులు తగ్గారు. ఇంజన్లకు ముసుగులు వేసి విమానాలను వరసగా నిలబెట్టారు. మంచి రోజులొచ్చేదాకా కొంతమంది జీతం లేకుండా ఇంట్లో ఉండాలని కంపెనీ చెప్పింది. పైలట్ల సంఘంతో ఉన్న ఒప్పందం ప్రకారం చివరి నంబరు నుంచి పైకి కోసుకుంటూ వచ్చారు. ఆ కోత సరిగ్గా వాళ్ళిద్దరి మధ్య ఆగింది. అన్నయ్య లోపల, మా వదిన బయట. ఇన్నేళ్ళు నడిపిన మనిషిని కరివేపాకులా తీసి పక్కన పెట్టారు.

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. వదిన మాత్రం నింపాదిగా, “ఒప్పందం ఉంది కదే. మళ్ళీ మనిషి కావాలంటే కొత్తవాళ్ళని తీసుకోకూడదు, మమ్మల్నే పిలవాలి. అందులో మొదటిదాన్ని నేనే” అంది. కాకపోతే ఆ హక్కు రెండేళ్ళే. ఈలోపు పిలుపు రాకపోతే నంబరు పోతుంది. మళ్ళీ కావాలంటే కొత్తపిల్లలతో పాటు అడుగు నుంచి మొదలు.

వదిన డ్రైవింగ్ స్కూల్లో చేరి కారు నేర్పడం మొదలుపెట్టింది. బ్రేకు వెయ్యమంటే కళ్ళు మూసుకునే మహానుభావుడొకడు ఆమెకు శిష్యుడు. “విమానమే నయం, ఎదురుగా ఆటోలు రావు” అనేది. ఇంటికొచ్చాక బీరువా తలుపుకు అంటించిన కాక్‌పిట్ బొమ్మ ముందు కుర్చీ వేసుకుని, ఒక్కో మీట మీదా వేలు పెడుతూ సాధన చేసేది. మా మేనకోడలు పక్కన కూర్చుని చెక్‌లిస్టులో ఒక్కో అంశం చదివేది.

రెండో ఏడు సగం గడిచేసరికి విమానాలు మళ్ళీ నిండాయి. ముసుగులు తీశారు. పిలుపు మాత్రం లేదు. ఎందుకుంటుంది? సెలవులో ఉన్న పైలట్లకు ఫోన్ చేసి, “ఒక్క ఫ్లైట్, వస్తారా?” అని అడుగుతున్నారు. సెలవురోజు రమ్మని బలవంతం చెయ్యకూడదని ఒప్పందంలో ఉంది. తనంతట తాను వెళ్ళేవాణ్ణి ఆపమని మాత్రం ఎక్కడా లేదు. సెలవురోజు కంపెనీ ఫోన్ ఎత్తొద్దని సంఘం అందరినీ బతిమాలింది. ఎవరూ ఎత్తకపోతే గత్యంతరం లేక మా వదినను పిలవాల్సిందే. అది తెలిసి కూడా ఎత్తారు, సిగ్గులేకుండా!

గడువు ఇంకో నెల ఉందనగా అన్నయ్య ఇంటికొచ్చాడు. పాపకు బొమ్మ తెచ్చాడు. సోఫాలో కూర్చుని, “కంపెనీవాళ్ళకి మనసు లేదమ్మా” అని నిట్టూర్చాడు.

నాకు ఒళ్ళు మండింది. “మీరూ ఫోన్ ఎత్తుతున్నారటగా?” అన్నాను.

అతను నీళ్ళు నమిలాడు. “ఏదో ఒకటి రెండుసార్లు... నేను ఎత్తకపోతే ఇంకొకడు ఎత్తుతాడు కదండీ.”

“ఇంకొకడి సంగతి నాకెందుకు అన్నయ్యా? నేను అడిగేది నిన్ను” అంది వదిన. “ఈ ఒక్క నెల ఎత్తకు. చాలు.”

“అలాగేనమ్మా. నువ్వింతగా చెప్పాలా?” అన్నాడు.

అప్పుడే టీపాయ్ మీదున్న అతని ఫోన్ మోగింది. డ్యూటీలు వేసే ఆఫీసు నుంచి. అతను కదల్లేదు. ఫోన్ ఆగి, మళ్ళీ మోగింది. వదిన చెయ్యి చాచి తీసింది. స్పీకర్ నొక్కింది.

“ఆయన ఈరోజు సెలవులో ఉన్నారు. కోపైలట్ కావాలంటే నేను ఖాళీగానే ఉన్నాను. నన్ను పిలవండి, వస్తాను” అని తన పేరు చెప్పింది.

అవతలి మనిషి గొంతు తగ్గించాడు. “మేడమ్... మాకలా కుదరదండీ. సార్‌కి ఒకసారి ఇస్తారా?”

వదిన అన్నయ్య వైపు చూసింది. నేనూ చూశాను. మొహం తిప్పుకుంటాడనుకున్నాను. రానని చెప్పమంటాడనుకున్నాను. పాప తెచ్చి తన ఒళ్ళో పెట్టిన బొమ్మను పక్కన పెట్టి, అతను ఫోన్ కోసం చెయ్యి చాచాడు.

వదిన ఇచ్చేసింది.

అతను స్పీకర్ ఆపి, బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేసుకున్నాడు. అది పూర్తిగా పడలేదు.

“రిపోర్టింగ్ ఎన్నింటికి?” అని అడగడం మా ముగ్గురికీ వినబడింది.