బ్యాండు మేళం డాక్టరు

గజపతినగరం సర్కారు ఆసుపత్రిలో డాక్టరు కూర్మనాథం గారికి అర్జెంటు కేసుల డాక్టరని పేరు. పాము కరిచినవాళ్ళూ, తాటిచెట్టు మీంచి జారిపడ్డవాళ్ళూ ఎడ్లబండి మీద వస్తే, బండి నిలవకముందే ఎక్కేసి నాడి పట్టుకునేవారు. పుట్టింది శ్రీకూర్మంలో, స్వామి సన్నిధిలో సంగీతసేవ చేసే ఇంట్లో. గొంతు కలిసిరాక వైద్యంలో పడ్డానని తనమీద తనే నవ్వుకునేవారు.

అరవై ఏడు వైశాఖంలో, ఓ పెళ్ళి ఊరేగింపు మధ్యలో, బ్యాండు మేళంలో పెద్ద డ్రమ్ము వాయించే గంగులు నడిరోడ్డు మీద పడిపోయాడు. తోటివాళ్ళు రిక్షాలో వేసుకొచ్చారు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు. మాట తడబడుతోంది.

మేళం పెద్ద అప్పలసూరి చేతులు నలుపుకుంటూ, "తాగనేదు బాబూ, ఒట్టు! ఎవుల దిష్టో తగిలీసినాది" అన్నాడు.

"దిష్టి కాదయ్యా, ఈ కోటు తగిలింది" అన్నారు కూర్మనాథం గారు. మెడదాకా గుండీలు బిగించిన ఎర్ర ఉన్నికోటు అది. విప్పే వ్యవధి లేదని కత్తెరతో నిలువునా కోసేశారు. నూతి గట్టుకి మోయించి బిందెల మీద బిందెలు గుమ్మరించారు, తడిబట్టలు చుట్టి ఇద్దరిచేత విసిరించారు, నర్సు లక్ష్మణమ్మ చేత సెలైను పెట్టించారు. గంట గడిచాక గంగులు కళ్ళు తెరిచి, "నా డ్రమ్మేదీ?" అన్నాడు. డాక్టరుగారు అప్పుడు కూర్చున్నారు.

"పొద్దున్నించి వీడేం తాగాడు?"

"ఊరేగింపులో మావెవులం నీల్లు తాగం బాబూ. కడుపు బరువైపోయి ఊపిరాడదు."

"ఈ ఎండలో ఉన్నికోటెందుకు?"

"కోటు నేపోతే మమ్మల్నెవులు పిలుస్తారు? కూలోల్లనుకుంతారు."

కూర్మనాథం గారు వాదించలేదు. ఆ ఆదివారం మిట్టమధ్యాహ్నం అప్పలసూరి ఇంటికెళ్ళి, ఓ ఉన్నికోటు అడిగి తొడుక్కుని, గంగులు డ్రమ్ము మెడకి తగిలించుకున్నారు. "సంత దాకా నడుద్దాం పదండి, వాయించండి" అన్నారు. ఊరంతా అరుగులెక్కి చూసింది. ఆయన దెబ్బ ఒక్కటీ తాళానికి పడలేదు. క్లారినెట్టువాళ్ళు నవ్వాపుకోలేక అపస్వరాలు పలికించారు. సంత మొగదలకి వచ్చేసరికి ఆయన కళ్ళముందు లోకం పసుపు పచ్చగా తిరిగింది, బట్టల కొట్టు అరుగు మీద కూలబడ్డారు. అప్పలసూరి పరిగెత్తి ఉప్పుమజ్జిగ తెచ్చాడు. డాక్టరుగారు రెండు చెంబులు గటగటా తాగి, "చూడు సూరీ, ఊపిరి ఆడుతూనే ఉంది" అన్నారు.

అప్పలసూరికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "మీకేటైనా అయ్యుంటే ఈ ఊరోల్లు మమ్మల్ని బతకనిచ్చీవోరా బాబూ!"

మరుసటి నెలకి మేళమంతా పల్చటి నూలుకోట్లలోకి మారింది. ఊరేగింపు ఆగిన చోటల్లా మజ్జిగ కుండ వచ్చేది.

అక్కణ్ణించి డాక్టరుగారికి వాళ్ళ ఒళ్ళు తప్ప మరో ధ్యాస లేదు. క్లారినెట్టువాళ్ళ పెదవుల పుళ్ళకి మందు, డ్రమ్ములవాళ్ళ చెవులకి దూది. "వాయిస్తేనే గాని రోగం తెలీదు" అని ఇంటి వసారాలో వాయించి చూపమనేవారు. బొబ్బిలి మేళాలూ రావడం మొదలెట్టాయి. "మీరు రోగుల్ని చూస్తున్నారా, కచేరీ పెట్టించుకుంటున్నారా?" అని భార్య జగదీశ్వరి విసుక్కుంటూనే అందరికీ కాఫీలిచ్చేది.

పెద్ద బాకా ఊదే జగన్నాథం ఒక్కడే తప్పించుకు తిరిగేవాడు. పేగు గజ్జల్లోకి జారితే ఐదేళ్ళుగా గుడ్డ బిగించుకుని ఊదుతున్నాడు. "కోసీత్తే ఊపిరి బలం పోతాదంట బాబూ. బాకా నేకపోతే నానేటి?" అన్నాడు దొరికిపోయిన రోజున. కూర్మనాథం గారు అతన్ని తనే బస్సులో విశాఖపట్నం తీసుకెళ్ళి, ఆపరేషను అయ్యేదాకా పక్కనే నిలబడ్డారు. తర్వాత ఆర్నెల్లు బాకా ముట్టనివ్వలేదు. మేళంలో అతనిచేత కంచు తాళాలు కొట్టించారు.

అరవై తొమ్మిదిలో ఆయనకి పాలకొండ బదిలీ అయింది. బస్సెక్కే ఉదయం మేళమంతా వచ్చి ఆసుపత్రి వరండా నీడలో బారులు తీరింది. ఆ రోజు జగన్నాథం చేతిలో బాకా ఉంది. అతను బుగ్గలు నింపి ఊదుతుంటే, డాక్టరుగారు పాట వినడం మానేసి దగ్గరికెళ్ళి, అతని పొట్ట కింద, ఆపరేషను కోసిన చోట అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. పాట అయిపోయేదాకా చెయ్యి తీయలేదు.

"గట్టిగానే ఉందిరా. ఊదుకో" అన్నారు.