తెల్లరంగు పట్టని బానెట్

2011 జూన్‌లో నన్ను దిల్‌సుఖ్‌నగర్ వర్క్‌షాపు నుంచి ఎల్బీ నగర్ శాఖకు పెయింట్ షాప్ ఇన్‌చార్జిగా బదిలీ చేశారు. అప్పటికి నాకు సర్వీసు ఇంకా నాలుగేళ్ళు ఉంది. శాఖకు పైన మేనేజరు, ఆయన కింద మెకానికల్ పనికి ఒక ఇన్‌చార్జి, పెయింటుకు నేను. నా కింద సొట్టలు తీసి రేకు సరిచేసే డెంటరు యాదగిరి, సీనియర్ పెయింటరు కోటేశ్వరరావు, గరుకు కాగితం పట్టి రుద్దే పనివాళ్ళు నలుగురు. యాదగిరిది మోత్కూరు దగ్గర పల్లె. కోటేశ్వరరావుది గుంటూరు జిల్లా. విజయవాడలో పని నేర్చుకుని వచ్చి తొమ్మిదేళ్ళుగా అదే శాఖలో ఉన్నాడు. మధ్యాహ్నం ఇద్దరూ డబ్బాలు విప్పి కూరలు మార్చుకుని తినేవారు. ఆ ఏడు సెప్టెంబరు దాకా.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. బొగ్గు గనులు కూడా సమ్మెలో చేరడంతో కరెంటు కోతలు వచ్చాయి. సైదాబాద్‌లోని నా కిరాయి ఇంటి నుంచి స్కూటర్ మీద వచ్చేవాణ్ణి, పెట్రోలు దొరకని రోజు నడిచేవాణ్ణి. ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవారు. ఊరేగింపులు మా గేటు ముందు నుంచే పోయేవి. షాపులో కూడా మాటలు మారాయి. యాదగిరి అంతవరకు ‘అన్నా’ అని పిలిచినవాడు ‘గుంటూరాయన’ అనడం మొదలుపెట్టాడు. కోటేశ్వరరావు దానికీ పలికేవాడు.

దసరాకు ముందు వారం ఒక తెల్ల కారు వచ్చింది. మా ప్రాంతపు జేఏసీ, అంటే ఉద్యమ సంఘాలన్నీ కలిసి వేసుకున్న కమిటీ, దాని కన్వీనర్ లింగయ్య గారిది. ఆయన రిటైరైన లెక్చరరు, మాట తక్కువ మనిషి. ఆయన వెంట తిరిగేవాళ్ళు అలా కాదు. లారీ తగిలి బానెట్ మడత పడింది. దసరా తర్వాతి గురువారం నల్లగొండలో సభ ఉందని, అందరికంటే ముందు ఆ కారు పోవాలని చెప్పారు. బుధవారం సాయంత్రానికి ఇస్తానని జాబ్ కార్డు మీద నేనే రాసి సంతకం చేశాను.

రంగు చిమ్మే గన్ పట్టినవాణ్ణే లోకం పెయింటర్ అంటుంది. నిజానికి రంగు నున్నగా రావడం, రాకపోవడం గన్ ఎత్తక ముందే తేలిపోతుంది. యాదగిరి బానెట్‌ను లోపలి నుంచి సుత్తితో ఎత్తి, పైనుంచి దిమ్మ పెట్టి సాపు చేశాడు. తర్వాత పాత రంగును ఎనభై నంబరు కాగితంతో రేకు దాకా తీయాలి. ఎనభై వేసిన గీతలను నూట ఎనభైతో, దాని గీతలను మూడు వందల ఇరవైతో పోగొట్టాలి. మధ్యలో ఒక నంబరు దాటేస్తే ఆ రోజు కనపడదు. నెల తర్వాత ఎండలో రంగు కింద నుంచి గీత బయటపడుతుంది. ఆ పైన రేకును జిడ్డు తీసే క్లీనరుతో తుడవాలి. దానికి రెండు గుడ్డలు కావాలి. ఒక చేతిలో తడిది, రెండో చేతిలో పొడిది, ఒకదాని వెనక ఒకటి నడవాలి. క్లీనరును ఊరికే ఆరనిస్తే పైకి తేలిన జిడ్డు మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. తుడిచాక ఉత్త చేత్తో ముట్టరాదు. అదే పూట ప్రైమర్ పడాలి, లేకపోతే తేమకు రేకు ఎర్రబారుతుంది. ప్రైమర్ మీద పల్లాలు పూడ్చే లప్పం పలచగా, దాని మీద రెండో ప్రైమర్, నీళ్ళ కాగితంతో రుద్దుడు, అప్పుడు రంగు. కోటేశ్వరరావు ఈ వరుసలో ఎన్నడూ ఒక్క మెట్టు దాటగా నేను చూడలేదు.

దసరా అయిన రెండో రోజు, శనివారం, పండుగ తర్వాత మా బూత్‌లోకి వెళ్ళిన మొదటి పని అదే. బూత్ అంటే నాలుగు వైపులా మూసిన గది. పైకప్పుకు కట్టిన వడపోత గుడ్డలో నుంచి గాలి కిందికి దిగి, నేల జాలీలో నుంచి బయటకు పోతుంది. దుమ్ము ఉండదు. కోటేశ్వరరావు తెల్లరంగు మొదటి పూత వేసి ఆగాడు. నన్ను పిలిచాడు. రంగు తడిగా ఉండగానే బానెట్ నిండా శనగగింజంత గుంటలు లేచాయి. గుంట చుట్టూ రంగు గట్టులా లేచి, నడుమ బూడిదరంగు ప్రైమర్ కనపడుతోంది. దీన్ని ఫిష్ ఐ అంటారు. రేకు మీద ఎక్కడో జిడ్డు ఉంటే రంగు దానికి ఎడంగా జరిగిపోతుంది.

అంతా గీకేసి మళ్ళీ రేకు దాకా వెళ్ళమన్నాను. ఆదివారం బయట షెడ్డులో ప్రైమర్లు, సోమవారం బూత్‌లో రంగు. ఈసారి ప్రతి మెట్టుకూ పక్కన నేనే నిలబడ్డాను. కొత్త క్లీనరు డబ్బా, కొత్త గుడ్డలు, చేతులకు తొడుగులు. నేను తప్పు పట్టగలిగింది ఒక్కటీ లేదు. రంగు పడింది. పావుగంటలో అవే గుంటలు.

అప్పటికే లింగయ్య గారి మనుషులు నలుగురు కారు చూసుకుందామని వచ్చి బూత్ అద్దం బయట నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకడు కోటేశ్వరరావు మాట తీరు విన్నాడు. అందరికీ వినపడేటట్టు అన్నాడు: “గిది రంగు తప్పు కాదు. ఆంధ్రాయన చేతికి ఇచ్చి, మన బండి మంచిగొస్తదనుకుంటే ఎట్ల?”

యాదగిరి వైపు చూశాను. తొమ్మిదేళ్ళు కలిసి తిన్నవాడు తల వంచుకుని సుత్తి తుడుచుకుంటున్నాడు. కోటేశ్వరరావు గన్ విప్పి థిన్నర్‌లో కడుగుతూ ఉండిపోయాడు. గొడవ పడొద్దని, రేపు మధ్యాహ్నం పన్నెండుకు కన్వీనర్ గారిని తీసుకురమ్మని చెప్పి నేనే వాళ్ళను పంపించాను.

సాయంత్రం మేనేజరు గదికి పిలిచాడు. నా వయసులో సగం ఉంటాడు, చెడ్డవాడు కాదు, ముందున్న షోరూము అద్దాల గురించి భయం. మెమో టైపు చేయించి పెట్టాడు. సీనియర్ పెయింటరు పనిలో నిర్లక్ష్యం చూపాడని, రెండుసార్లు నష్టం చేశాడని, కాబట్టి విధుల నుంచి తప్పిస్తున్నామని అందులో ఉంది. మా పద్ధతిలో మెమో మేనేజరు ఇస్తాడు, కానీ పని తప్పని ధ్రువీకరించాల్సింది ఇన్‌చార్జి. నా సంతకం లేకుండా అది చెల్లదు. కోటేశ్వరరావు పని నేను దగ్గరుండి చూశానని, తప్పు అతనిది కాదని చెప్పాను.

“మరి ఎవరిది సార్? ఎవరిదో ఒకరిది ఉండాలె కదా,” అన్నాడు. “రేపు పన్నెండుకు వాళ్ళొస్తరు. అప్పటిలోగా మీరు వేరే కారణం చూపెట్టండి, లేకుంటే సంతకం పెట్టండి.”

ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి పోయాను.

మంగళవారం ఎనిమిదికే షాపు తెరిపించాను. కోత పదకొండున్నరకు మొదలవుతుంది. ఆలోపు తేలాలి. రేకు మీద జిడ్డు ఉందో లేదో కంటికి కనపడదు, నీళ్ళకు కనపడుతుంది. శుభ్రమైన రేకు మీద నీళ్ళు పోస్తే పలచని పొరలా అంతటా పరుచుకుంటాయి. జిడ్డు ఉన్నచోట విడిపోయి బొట్లు కడతాయి. ఒకే తీరుగా రుద్దించిన మూడు రేకు ముక్కలు తీసుకున్నాను. మొదటిదాన్ని మా క్లీనరుతో తుడిచాను. కంప్రెసరు నూనె గాలితో వస్తోందేమోనని రెండోదాని మీద గన్ పైపు గాలి పదినిమిషాలు కొట్టాను. మూడోదాన్ని ఖాళీ బూత్‌లో ఉంచి, ఫ్యాన్లు వేసి, తలుపు మూశాను. అరగంట తర్వాత మూడింటి మీదా నీళ్ళు పోశాను. మొదటి రెండూ పొర కట్టాయి. మూడోదాని మీద నీళ్ళు తామరాకు మీద పోసినట్టు గుండ్రంగా విడిపోయాయి.

తప్పు మనిషి చేతిలోనూ లేదు, గన్‌లోనూ లేదు. బూత్ గాలిలో ఉంది. తల ఎత్తి చూశాను. గోడలు మెరుస్తున్నాయి. అవి ఎందుకు మెరుస్తున్నాయో నాకు తెలుసు.

మా పూర్వీకులకు నల్లగొండ జిల్లాలో గడి, అంటే దొరలుండే కోటలాంటి ఇల్లు, ఉండేది. దసరాకు ఆయుధాలన్నీ తోమి వరుసగా పెట్టేవారు. మెరుపు తక్కువైతే మా తాతగారు పూజకు కూర్చునేవారు కాదు. భూములు నేను పుట్టకముందే పోయాయి, మిగిలిన రెండు తుపాకులను నాన్నగారు అమ్మేశారు. నేను ఐటీఐ చదివి రేకు పని పట్టాను. ఎవరి ముందూ చేయి చాచలేదు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. కానీ ఆయుధపూజ నాడు నా షాపు మాసిపోయి ఉండటం నాకు సహించేది కాదు. పండుగ ముందురోజు డాష్‌బోర్డు మీద కొట్టే పాలిష్ డబ్బాలు నాలుగు తెప్పించి, బూత్ గోడలు, పైపులు, లైట్లు అన్నీ మెరవాలని పనివాళ్ళకు నా చేత్తో ఇచ్చాను. వాళ్ళు వాసన పోవడానికి ఫ్యాన్లు వేసుకుని కొట్టారు. ఆ పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది. పెయింట్ షాపులో దానంత శత్రువు లేదు. పొగమంచులా లేచి పైకప్పు గుడ్డకు పట్టి, ఫ్యాన్ వేసినప్పుడల్లా దిగుతుంది. ఆ డబ్బాలు రంగు పడే కార్ల దగ్గరికి తేరాదని పనివాళ్ళకు నేర్పింది నేనే. గోడలకు ఆ నియమం వర్తిస్తుందన్న ఆలోచన నాకు రాలేదు. కోటేశ్వరరావు ఆ రోజు సెలవులో ఉన్నాడు.

టైము తొమ్మిదిన్నర. గోడల మీది పాలిష్ గాలిలో దిగి రంగు చెడగొడుతుందని కొట్టినవాళ్ళకు తెలియదు. మౌనంగా బూత్ కడిగించి, గుడ్డ మార్పించి, మూడోసారి రంగు వేయిస్తే బాగా వచ్చేది. మూడోసారి బాగా వచ్చిందంటే మొదటి రెండుసార్లు చేసినవాడే చెడగొట్టాడని అందరూ అనుకునేవారు. గంటసేపు ఆ రేకు ముక్క ముందు నిలబడ్డాను. జేబులో మెమో ఉంది.

కోత ముంచుకొస్తోందని పదిన్నరకే మనిషిని పంపి లింగయ్య గారిని, ఆయన మనుషులను పిలిపించాను. మేనేజరును, అందరు పనివాళ్ళను బూత్ ముందుకు రమ్మన్నాను. మూడు రేకుల మీద మళ్ళీ నీళ్ళు పోసి చూపించాను. తర్వాత చెప్పాను: “పాలిష్ తెప్పించింది నేను. పంచింది నేను. కోటేశ్వరరావు ఆనాడు షాపులనే లేడు. ఈ తప్పు నాది.”

జేబులోని మెమో తీసి, అందులో అతని పేరు కొట్టేసి నా పేరు రాసి, సంతకం పెట్టి మేనేజరు చేతికిచ్చాను. వెనక నుంచి యాదగిరి గొంతు వినపడింది.

“దొరలు తప్పు ఒప్పుకుంటున్నరంటే, తెలంగాణ ఒచ్చినట్టే.”

లింగయ్య గారి మనుషులే ముందు నవ్వారు. నేను నవ్వలేదు. నా వెనక నన్ను దొర అంటారని తెలుసు, ముఖం మీద అనడం అదే మొదలు. లింగయ్య గారు మూడో రేకు మీది బొట్లను కాసేపు చూశారు. నిన్న మాట అన్నవాణ్ణి ముందుకు పిలిచి, పెయింటరుకు ఏం చెప్పాలో చెప్పమన్నారు. వాడు ఏదో గొణిగాడు. కోటేశ్వరరావు తల ఊపి, గోడలు కడగడానికి బకెట్టు తీసుకున్నాడు.

కొత్త వడపోత గుడ్డ దిల్‌సుఖ్‌నగర్ శాఖలో ఉంది. ఆ రోజు ఆటోలు కూడా బంద్. నా స్కూటర్లో పెట్రోలు లేదు. నడిచి వెళ్ళి, నిలువెత్తు చుట్టను భుజం మీద పెట్టుకుని కొత్తపేట మీదుగా నడిచి తెచ్చాను. నా సర్వీసులో భుజాన బరువు మోసింది ఆ ఒక్కరోజే. చౌరస్తాలో వంట దగ్గర కూర్చున్న ఒకామె “పెద్దాయనా, జర కూసొని తినిపో,” అంది. పని ఉందని చెప్పాను.

బుధవారం కరెంటు పోకముందే కోటేశ్వరరావు మూడోసారి గన్ ఎత్తాడు. బానెట్ అద్దంలా వచ్చింది. సాయంత్రం అయిదుకు కారు గేటు దాటింది.

చేతులు కడుక్కుంటుండగా కోటేశ్వరరావు నా పక్కకు వచ్చాడు. సోమవారమే తుక్కు డ్రమ్ములో ఆ ఖాళీ డబ్బాలు చూశానని చెప్పాడు. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నేను చెబితే తప్పు మీ మీదకి తోస్తున్నాననేవారండి. ఎవరు నమ్ముతారు? ఇంటికెళ్ళి మా ఆవిడతో సామాను సర్దమని చెప్పేశానండి. మీరు చెబుతారో చెప్పరో చూద్దామనుకున్నాను.”

అతను థాంక్స్ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. నీళ్ళ సంగతి తెలిశాక గంటసేపు నేను నోరు విప్పలేదన్న మాట అతనికి ఆనాడు చెప్పలేదు. తర్వాత కూడా చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

అతను ఆ శాఖలోనే ఉన్నాడు. యాదగిరి మళ్ళీ ‘అన్నా’ అనడానికి చాలా నెలలు పట్టింది. మెమో నా ఫైలులో ఉండిపోయింది.

ఆ తర్వాత సర్వీసు ఉన్నంతకాలం, ఏ పని చెడినా మూడు సంగతులు రాసుకునేవాణ్ణి. పని చివరిసారి ఎప్పుడు బాగా వచ్చింది, ఆనాటి నుంచి షాపులో ఏమి మారింది, మార్చమన్నది ఎవరు. మూడోదాని ఎదురుగా ముందు నా పేరు రాసేవాణ్ణి. కాదని తేలితేనే కొట్టేసేవాణ్ణి.