మర్యాదస్తుడైన పాఠకుడు

నా ప్రేమకథల కింద వచ్చే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "హీరోయిన్‌కు ఆపరేషన్ అయిందా, కాలేదా?" కథ ఎలా ఉందని కాదు, వాళ్లిద్దరికీ పెళ్లవుతుందా అని కాదు. ముందు ఆ సంగతి తేలాలి. అది తేలాక చదవాలో వద్దో నిర్ణయించుకుంటారు కాబోలు. మొదట్లో ఓపిగ్గా జవాబిచ్చేదాన్ని. ఇప్పుడా ప్రశ్న కనబడితే చాలు, పళ్లు నూరుకుంటూ తుడిచేస్తాను.

నేను ట్రాన్స్ మహిళను. కరీంనగర్‌లో ఒక సందులో జాకెట్లు కుడతాను. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ ఫోన్‌లో కథలు రాస్తాను. ఒక కథల యాప్‌లో నా సీరియల్ వస్తుంది. అందులో హీరోయిన్ నాలాంటిదే, హీరో పెద్దపల్లి రైస్‌మిల్లులో మెకానిక్. మా గురించి వచ్చే కథల్లో మేము చప్పట్లు కొడుతూ నవ్వించాలి, లేకపోతే చివర్లో చచ్చిపోయి అందరినీ ఏడిపించాలి. నాకు ఆ రెండూ వద్దనిపించింది. నా హీరోయిన్ టమాటాల దగ్గర బేరమాడుతుంది, చీటికిమాటికి అలుగుతుంది, మొగుడి కోసం పప్పుచారు పెడుతుంది. ముద్దు వరకూ రాసి, అక్కడ గది తలుపేస్తాను.

ఆ వేసిన తలుపు ముందరే మగవాళ్ల గుంపు పోగవుతుంది. "జర లోపలి ముచ్చట రాయుండ్రి మేడం" అని ఒకడు. "మీ ఫోటో పంపుండ్రి, పూర్తిది" అని ఇంకొకడు. కొందరు అడక్కుండానే తమ ఫోటోలు పంపుతారు. అందులో ముఖం ఒక్కటే ఉండదు. అన్నం తింటూ ఫోన్ తెరిచి, కంచం పక్కకు నెట్టేసిన రోజులున్నాయి. ఈ యావకు ఇంగ్లీషులో ఫెటిష్ అని పేరుందట. నేను కక్కుర్తి అంటాను. మమ్మల్ని ఇష్టపడటం తప్పని నేననను. నన్ను చూసి ఒకడు మనసు పారేసుకుంటే నాకూ సంతోషమే, నేనేం సన్యాసిని కాదు కదా. కానీ వీళ్లకు మనిషి అక్కర్లేదు. ఒంట్లో ఒక్క ముక్క కావాలి, మిగతా నేనంతా దానికి చుట్టిన కాగితం.

యాప్ తరఫున మాట్లాడే ఒకాయన ఓసారి ఫోన్ చేశాడు. "రెస్పెక్ట్‌ఫుల్‌గానే రాయండి మేడం, కానీ కొంచెం వెరైటీ చూపించండి. పాఠకులు దానికోసమే వస్తున్నారు" అన్నాడు. దానికోసమే అనేటప్పుడు గొంతు తగ్గించాడు. దేనికోసమని నేను గట్టిగానే అడిగాను. సిగ్నల్ లేదని పెట్టేశాడు.

ఈ రోతలో ఒక్కడు మాత్రం వేరుగా కనిపించాడు. ఇచ్చోడలో విత్తనాల దుకాణం ఉందని చెప్పుకున్నాడు. ఫోటో అడగలేదు, ఆపరేషన్ మాట ఎత్తలేదు. కథ గురించే రాసేవాడు. "మీ హీరోయిన్‌కు కోపమొస్తే అన్నం తినది. గా దినం హీరో కూడ తినకుంట కూసుంటే బాగుంటది మేడం." ఇంకోసారి, "ఆమెను నలుగుట్ల నా పెండ్లాం అని చెప్పాలె. చెప్పకపోతె వాడేం మొగోడు?" ఆ మాటలు చదివి నేను మురిసిపోయాను. దాచుకోవడమెందుకు, అద్దంలో ముఖం చూసుకుని మరీ మురిసిపోయాను. వాటిని ఎత్తి మా మెకానిక్ నోట్లో పెట్టాను. ఇలాంటి మొగుడు దొరికితే జన్మ ధన్యమని ఆడవాళ్లు కింద రాశారు. నేనింకో మెట్టు ముందుకెళ్లి, నాకే దొరకబోతున్నాడేమో అనుకున్నాను.

కొన్నాళ్లకు అతను కరీంనగర్ వస్తానన్నాడు. లాడ్జి అనలేదు, సినిమా అనలేదు. "పగటీలే వస్త. మీ అవ్వను చూస్త" అన్నాడు.

అవ్వ, అంటే మా అమ్మ, నాతోనే ఉంటుంది. మరమగ్గాల దగ్గర కండెలు చుట్టీ చుట్టీ చేతులు కాయలు కాచిన మనిషి. నేను చీర కట్టిన కొత్తలో ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. బాపు పోయాక ఒక సంచీ పట్టుకుని వచ్చి నా పొయ్యి ముందు కూర్చుంది. ఒకతను చూడటానికి వస్తున్నాడని చెప్పగానే చేతిలో చేట కింద పెట్టేసింది.

"పిల్లను చూడనీకా?" అంది.

"గంతే అనుకో."

ఆ ఆదివారం అవ్వ పెట్టెలోని పట్టంచు చీర తీసింది. బగారన్నం, కోడికూర చేసింది. అతను ఇస్త్రీ చొక్కాతో, అరటిపండ్ల సంచీతో వచ్చాడు. వాళ్లింట్లో మరాఠీ కలుస్తుందట, అవ్వను "ఆయీ", అంటే అమ్మా, అని పిలిచి కాళ్లకు దండం పెట్టాడు. అవ్వ కరిగి నీరైపోయింది. నేను తలుపు పక్కన నిలబడి, చెంగు వేలికి చుట్టుకుంటూ, నేను రాసే హీరోయిన్ కంటే అన్యాయంగా సిగ్గుపడ్డాను.

సగం తిన్నాక అవ్వ ఇంకో గరిటె కూర వేస్తూ గొప్పగా చెప్పింది. "వచ్చే నెల ఆపరేషనున్నది బిడ్డా. హైదరాబాద్‌ల. నేనే ఎంబడి పోత."

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఆపరేషనా?" అన్నాడు. నా వైపు తిరిగాడు. ముఖం వైపు కాదు, చీర కుచ్చిళ్ల వైపు చూశాడు. చూపు అక్కడి నుంచి లేవలేదు. "ఎందుకు మేడం? ఇట్లనే మంచిగున్నరు. కథల హీరోయిన్‌కు కూడ కాలే గదా. గందుకే గదా నేను..."

మిగతాది కోడికూరతో పాటు మింగేశాడు. నేను చెంగు లాగి కుచ్చిళ్లకు అడ్డం పెట్టుకున్నాను. ఇన్ని నెలలూ అతను అడగకపోవడం మర్యాద కాదు. హీరోయిన్‌కు కాలేదని కథ కింద నేను మొదట్లో ఇచ్చిన జవాబుల్లో చూసి, తనకు కావలసింది నాకూ ఉందని లెక్కేసుకుని, నిశ్చింతగా ఉన్నాడు. అన్నం మానడం, నలుగురిలో చెప్పడం, ఇవన్నీ దాని మీద పోసిన పన్నీరు. అతను బస్సుకు టైమైందంటూ చెయ్యి కడుక్కున్నాడు. వెళ్లేటప్పుడూ అవ్వకు దండం పెట్టడం మర్చిపోలేదు.

అవ్వకు ఏమీ అర్థం కాలేదు. గిన్నెలు సర్దుతూ గొణుక్కుంది. "దవాఖాన మాట తీసి నేనే చెడగొట్టిన. పిల్లకు ఏం రోగమో అనుకున్నడు." నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "మనిషి మంచోడే ఉన్నడు. గా ఆపరేషన్ జర ఆపుదామా? లగ్గమైనంక చూసుకుందువు."

అతని మీద అంతసేపూ ఉన్నది వట్టి అసహ్యం. అప్పుడు కోపం వచ్చింది. ఏళ్ల తరబడి దీని కోసం నేను ఎదురుచూశానని తెలిసిన అవ్వ చేత, నా అవ్వ చేత, ఆ మాట అనిపించి పోయాడు. అసలు సంగతి కన్నతల్లికి ఏ నోటితో చెప్పాలి? లేచి మిషన్ ముందు కూర్చున్నాను.

పొద్దు గూకే వేళ అతని మెసేజ్ వచ్చింది. అవ్వకు చదువు రాదు. ఏమన్నాడని ఆశగా పక్కన కూర్చుంది. నేను ఒక్క అక్షరం వదలకుండా పైకి చదివాను.

"నమస్తే మేడం. క్షేమంగ ఇల్లు చేరిన. ఆయి చేతి వంట మస్తుండె. మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్న. ఏమనుకోకుంటే ఒక చిన్న రిక్వెస్ట్. మీ దోస్తులల్ల ఆపరేషన్ చేయించుకోనోళ్లు, ఇంక చేయించుకునే ఆలోచన లేనోళ్లు ఎవరన్న ఉంటే జర పరిచయం చేయుండ్రి. మంచిగ చూసుకుంట. దయచేసి."

మర్యాదకు ఎక్కడా లోటు లేదు. అవ్వ మళ్లీ చదవమంది. రెండోసారి విన్నాక ముఖం మాడిపోయింది.

"థూ. అంగట్ల మేకను అడిగినట్టు అడుగుతుండు గదనే వీడు."

నేను అతన్ని బ్లాక్ చేసి, సీరియల్ తెరిచి, మెకానిక్ నోట్లోంచి అతని మాటలన్నీ ఒక్కొక్కటే పీకేశాను. అంతా అయ్యేసరికి మా హీరో పాపం మూగవాడైపోయాడు. "తిన్నవా?" అనే ఒక్క మాట మిగిలింది. అది నేను సొంతంగా రాసింది. దాంతోనే మళ్లీ మొదలుపెట్టాలి.

అవ్వ వంటింట్లోకి వెళ్లి మిగిలిన కూర వేడిచేసింది. తర్వాత అక్కడి నుంచే కేకేసింది.

"దవాఖానకు రెండు నైటీలు కుట్టుకోవే. ముంగట గుండీలు పెట్టు, డాక్టరమ్మ చూసేటప్పుడు నీకు తిప్పల కావద్దు."

గిరాకీ జాకెట్లు పక్కకు జరిపి, మెత్తటి నూలు గుడ్డ కోసం బీరువా తెరిచాను.