సూదిని బదులిచ్చిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఒక్కటీ ఉండేది కాదు. ఆ రోజులంటే మరీ వెనక్కి పోనక్కర్లేదు, వాట్సాప్ గ్రూపులు ఉన్న రోజులే, ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. వ్యాయామ విద్యలో పట్టా అప్పుడే చేతికొచ్చింది. మెడలో విజిల్, కాళ్ళకు తెల్లబూట్లు, ముక్కు మీద కోపం, ఈ మూడింటితో ప్రపంచాన్ని దారిలో పెట్టేయవచ్చని నా నమ్మకం. ఖానాపురం హవేలిలో మా ఇంట్లో మాత్రం ఆ నమ్మకం ఎవరికీ లేదు. "ఆటలు నేర్పినందుకు జీతమిస్తరా ఏంది? మంచిగ బ్యాంకు పరీక్షలు రాయరాదే" అని నాన్న రోజూ పొద్దున్నే పేపరు వెనకనుంచి అనేవాడు. ఆయన నోరు మూయించడానికే (అలా అనుకున్నాను గానీ అది ఇప్పటికీ మూతపడలేదు) దమ్మపేటలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరుగా చేరి, అక్కడే ఒక గది కిరాయికి తీసుకున్నాను.

చేరిన నెలకే బడి సామాన్ల గదిలో విరిగిన బెంచీల వెనక ఒక పెద్ద సంచి కనబడింది. విప్పితే బ్యాట్లు, తోలు గ్లవ్స్, బత్తాయి పండంత పసుపు బంతులు. సాఫ్ట్‌బాల్ సామాను. ఎవరు తెప్పించారో, ఎందుకు తెప్పించారో హెడ్మాస్టరుగారికే తెలియదు. నేను వాలీబాల్ మనిషిని. సాఫ్ట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా పరీక్షకు ముందురోజు బట్టీపట్టిన రెండు పేజీలు. అయినా ఆ సంచిని అక్కడే వదిలేయడానికి మనసొప్పలేదు. వేంసూరులో నాతో చదువుకున్నతనే ఆటల సారుగా ఉన్నాడు (కాలేజీలో నా సర్వీసు నెట్‌కు తగిలినప్పుడల్లా లేచి నిలబడి చప్పట్లు కొట్టిన పుణ్యాత్ముడు). ఫోన్ చేస్తే వాళ్ళ బడిలోనూ అలాంటి సంచే ఒకటి నిద్రపోతోందన్నాడు. ఇంకేముంది, పద్నాలుగేళ్ళలోపు ఆడపిల్లలకు ఆదివారం మ్యాచ్‌లు మొదలయ్యాయి. సరదా ఆటే, కప్పులూ గిప్పులూ లేవు. రెండు బళ్ళ పెద్దలూ పెట్టిన షరతు ఒక్కటే. పేరిచ్చిన ప్రతి పిల్లా కనీసం రెండు ఇన్నింగ్స్ ఆడాలి, ఎవర్నీ ఊరికే ఎండలో కూర్చోబెట్టి ఇంటికి పంపకూడదు.

ఈ షరతు వినడానికి ఎంతో బాగుంది, కాగితం మీద పెట్టబోతే నా తలప్రాణం తోకకొచ్చింది. మైదానంలో తొమ్మిది మంది, ఆట ఐదు ఇన్నింగ్స్, నా దగ్గర పదమూడు మంది పిల్లలు. ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్ళాలి, ఎవరు ఎప్పుడు బయటికి రావాలి, ఎవరి తర్వాత ఎవరు బ్యాటు పట్టాలి, అన్నీ రాసుకోవాలి. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో చార్టు వేశాను. మొదటినుంచీ ఆడుతున్న పిల్లను బయటికి తీస్తే, ఒకసారి మళ్ళీ తన చోటికే పంపవచ్చునని రూల్స్ పుస్తకంలో ఉంది. ఇది పిల్లలకెలా చెప్పాలా అని ఆలోచించి షేర్ ఆటోను ఆశ్రయించాను. "సత్తుపల్లి ఆటోల లోపలి మనిషి దిగాలంటే అంచుకు కూసున్నోళ్ళు దిగి దారిస్తరు గద? ఆమె పోయినంక ఎవరి సీట్ల వాళ్ళు మళ్ళ కూసుంటరు. గంతే" అన్నాను. పిల్లలు ఠక్కున పట్టేశారు. నా ఉపమానానికి నేనే మురిసిపోయి, పుస్తకంలో ఆ తర్వాతి వాక్యం చదవకుండానే మూసేశాను. (కొంప ముంచింది ఆ వాక్యమే. దాని దగ్గరికే వస్తున్నాను.)

నా జట్టుకు ప్రాణం బుల్లెట్. వాళ్ళది పామాయిల్ తోటలున్న ఇల్లు, తాతల కాలంలో కృష్ణా వైపునుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఆ పిల్ల బంతి విసిరితే పట్టుకునే పిల్ల అరచేయి సాయంత్రం దాకా ఎర్రగా ఉండేది. జట్టు చివరి పేరు సూది. పేటలో టైలరుగారి అమ్మాయి, సన్నగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. బంతి తన వైపు వస్తుంటే ముందు కళ్ళు మూసుకునేది, తర్వాత గ్లవ్ చాపేది. బెంచీ మీద కూర్చున్నంతసేపూ వందపేజీల నోటుబుక్కులో ఏదో గీస్తూ ఉండేది. ముగ్గులు వేసుకుంటోంది కాబోలు అనుకుని నేనెప్పుడూ అడగలేదు. వాళ్ళ నాన్నను ఊరంతా మాస్టర్ అంటారు. పదమూడు జెర్సీలు కుట్టిందీ ఆయనే. పదమూడో నంబరు జెర్సీ మాత్రం మిగతా వాటికంటే గట్టిగా, రెండుసార్లు కుట్టాడని పట్టుకుంటేనే తెలిసేది.

నాలుగు ఆదివారాలూ మేము ఓడాం. ఐదో ఆదివారానికి ముందు మాస్టర్ బడికి వచ్చి, మెడలో టేపుతోనే నిలబడి, "మేడం, పెళ్ళిళ్ళ సీజన్, ఆదివారమే గిరాకి. కని మా బేటీ ఆడంగ ఒక్కపారన్న జూడాలె. ఈసారి పదకొండింటికి దుకాణం బంద్ చేసి వస్త. అప్పటిదాంక ఉంటదా ఆట?" అన్నాడు. "జల్దీ ఏం లేదు మాస్టర్, సూదిని మీకోసమే ఆఖరి ఇన్నింగ్స్‌ల పెడత" అని మాటిచ్చాను. రాత్రి చార్టు దిద్దాను. సూదికి రెండు ఇన్నింగ్స్, ఒకటి రెండోది, ఇంకోటి ఐదోది. మధ్యలో ఆమె చోట ఆడే పిల్ల తిరిగి వస్తుంది. అందరికీ న్యాయం, మాస్టర్‌కు సంతోషం, నాకు కీర్తి. అంత తెలివి నాకెక్కడిదా అని నాకే ఆశ్చర్యమేసింది.

ఆ ఆదివారం పామాయిల్ తోట పక్కనున్న మా మైదానంలో నీడకు టార్పాలిన్ పట్టా కట్టుకుని తల్లులంతా కూర్చున్నారు. మిరపకాయ ఏరే రోజులు. వాళ్ళ మాటలన్నీ బదులు గురించే. ఒకరి చేనుకు మనుషులు తక్కువైతే పక్కవాళ్ళు వచ్చి ఏరిపెడతారు, ఇంకోరోజు వీళ్ళు పోయి వాళ్ళ చేను ఏరతారు, దాన్నే బదులు పోవడం అంటారు. ఆ బదులు పేరు చెప్పే నా పిల్లలు ప్రాక్టీసు ఎగ్గొట్టేవాళ్ళు. చంటివాణ్ణి చూసుకోవాలనో, నీళ్ళు మోసుకెళ్ళాలనో ఏదో ఒకటి. "ఆట ముఖ్యమా, బదులు ముఖ్యమా?" అని నేను అరిస్తే, ఏమీ తెలియని పసిదాన్ని చూసినట్టు నన్ను జాలిగా చూసేవాళ్ళు.

రెండో ఇన్నింగ్స్‌లో సూది వెళ్ళి మైదానం కొసన నిలబడింది. ఒక్క బంతీ అటు పోలేదు, బ్యాటింగులో దాని వంతూ రాలేదు. మూడోదానికి బయటికి పిలిచేశాను, చార్టు ప్రకారం. నాలుగు ముగిసేసరికి ఎనిమిదికి ఎనిమిది, సమానం. సరిగ్గా అప్పుడే షేర్ ఆటో దిగి మాస్టర్ వచ్చాడు. భార్య, ఇద్దరు చెల్లెళ్ళు, ఆఖరికి బట్టలు తీసుకెళ్ళడానికొచ్చిన ఒక పెళ్ళివారావిడను కూడా వెంటబెట్టుకొచ్చాడు. సూది వాళ్ళను చూసి జెర్సీ కిందికి లాక్కుని, గ్లవ్ తొడుక్కుని పరుగెత్తింది. సగం దూరం వెళ్ళిందో లేదో అంపైర్ సారు చెయ్యెత్తాడు.

"ఏంది మేడం, ఈ పిల్ల మళ్ళ వస్తున్నదేంది?"

"ఐదో ఇన్నింగ్స్ ఆమెదే సార్."

"మొదట ఆడినోళ్ళే మళ్ళ రావాలె. నడుమ వచ్చి పోయినోళ్ళకు మళ్ళ లేదు. రూల్ సదవలేదా?"

నేను షేర్ ఆటో ఉపమానం ఎత్తుకున్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "సత్తుపల్లిల ఎక్కినోళ్ళు దిగి దారిచ్చి మళ్ళ కూసుంటరు. కరెక్టే. నడుమ ఎక్కి నడుమనే దిగిపోయినోళ్ళ కోసం ఆటో ఆగుతదా మేడం?" అన్నాడు. నా ఆటోతో నన్నే గుద్దించాడు. సూది మైదానం మధ్యలోంచి తిరిగొచ్చింది. ఏడవలేదు, గ్లవ్ విప్పి బెంచీ మీద పెట్టి నోటుబుక్కు తీసుకుంది. అది ఏడ్చినా బాగుండేది. పట్టా కింద మాస్టర్ ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు, కూతురు ఏదో తెచ్చుకోవడానికి వెనక్కి వచ్చిందనుకుని. ఆయన వైపు చూడటానికి నాకు మొహం చెల్లలేదు. పెద్ద టీచరునని విజిలేసుకుని తిరగడం కాదు, ఒక పేజీ పూర్తిగా చదివి ఏడిస్తే సరిపోయేది కదా అని నన్ను నేను తిట్టుకున్నాను.

వేంసూరు వాళ్ళు ఇంకో పరుగు తీసి తొమ్మిది చేశారు. ఇక మా బ్యాటింగు. వాళ్ళు మైదానంలోకి వెళ్తుండగా ఒక మోటార్ సైకిలు గట్టు దిగి నేరుగా లోపలికొచ్చేసింది. "పెళ్ళి టైమైంది, మీ అత్త తిడతాంది, ఎక్కు" అని ఒక మేనమామ తన మేనకోడల్ని గ్లవ్‌తో సహా వెనక ఎక్కించుకుని పోయాడు. వేంసూరు సారు విజిల్ వేస్తూ బండి వెనక పరుగెత్తాడు గానీ విజిల్‌కు ఆగే మేనమామ ఇంకా పుట్టలేదు. వాళ్ళు వచ్చిందే తొమ్మిది మందితో, ఇప్పుడు ఎనిమిది. అంపైర్ పుస్తకం తిరగేసి, "తొమ్మిది లేకుంటే ఆట లేదు. దమ్మపేట గెలిచినట్టే" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నా గుండె గంతులేసింది. అయిదు ఆదివారాల్లో మొదటి గెలుపు, అదీ ఆ చప్పట్ల పుణ్యాత్ముడి మీద! "రూల్ రూలే సార్" అన్నాను అంపైర్‌తో (రూల్స్ మీద నాకు భక్తి పుట్టి అప్పటికి పది నిమిషాలైంది). అప్పుడు పట్టా కింద నుంచి బుల్లెట్ వాళ్ళమ్మ లేచి, కొంగు నడుంలో దోపుకుని వచ్చింది.

"అదేంటి టీచర్ గారు, మనిషి తక్కువైందని చేను వదిలేసి పోతారా ఎవరైనా? మనకాడ ఖాళీగా ఉన్న పిల్లని బదులివ్వండి."

"గట్ల ఎట్ల కుదురుతది అక్కా? వాళ్ళు మన మీద ఆడేటోళ్ళు!"

"అయితే ఏంటి? మొన్న మా చేను ఏరినోళ్ళు మాకు చుట్టాలా?"

వెనకనుంచి మిగతా తల్లులు కూడా "అవ్, బదులియ్యాలె" అన్నారు. ఇటు చూస్తే చేతికందిన గెలుపు, అటు చూస్తే బెంచీ మీద సూది, పట్టా కింద మెడలో టేపుతో మాస్టర్. గెలుపును మింగలేను, కక్కలేను. చివరికి అంపైర్ వైపు తిరిగి, అది రూల్స్‌లో ఉందా అని అడిగాను. ఆయన పుస్తకం ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిప్పి, "ఉన్నదని లేదు, లేదని లేదు. ఈ పిల్ల మీ ఆటోల దిగింది. వాళ్ళ ఆటో ఇంక ఎక్కనే లేదు గద!" అని తేల్చేసి, వేంసూరు లిస్టు చివర తన పెన్నుతో సూది పేరు రాశాడు.

అలా మా జెర్సీ వేసుకుని సూది వాళ్ళ వైపు నిలబడింది. మా వాళ్ళు ఇద్దరు ఔటయ్యారు, మరో ఇద్దరు ఎలాగో రెండో మూలకీ మూడో మూలకీ చేరారు (నాలుగు మూలలూ చుట్టొస్తే ఒక పరుగు, మూడో మనిషి ఔటైతే ఆట ముగిసినట్టే). గట్టి దెబ్బ ఒక్కటి పడితే గెలుపు మాదే. బ్యాటు బుల్లెట్ చేతిలో ఉంది. అప్పుడు సూది తనకు చూపించిన చోటు వదిలి, తోట వైపు గట్టు దాకా నడవడం మొదలుపెట్టింది. "ఏయ్, అక్కడికెందుకు? వెనక్కి రా!" అని వేంసూరు సారు అరిచాడు. రాలేదు. నాకప్పుడు వెలిగింది. అది నోటుబుక్కులో వేసేవి ముగ్గులు కావు. ఐదు ఆదివారాలుగా ఎవరు కొడితే బంతి ఎటు పోతుందో గీసుకుంటోంది. గెలుపు భారం తన మీద పడితే బుల్లెట్‌కు కోపం వస్తుంది, కోపమొస్తే బంతి తోటవైపే పోతుంది. ఈ సంగతి ఆ జట్టు కోచ్‌నైన నాకు తెలియదు.

బుల్లెట్ కొట్టింది. బంతి పామాయిల్ మట్టల ఎత్తుకు లేచింది. సూది కదల్లేదు, కదలాల్సిన అవసరమే లేదు. కళ్ళు మాత్రం మూసుకుంది. నేను నా జట్టు ఓడిపోవాలని దేవుడికి మొక్కుకున్నది జీవితంలో ఆ ఒక్కసారే. బంతి గ్లవ్‌లో పడి, ఎగిరి, ఛాతీకి తగిలి మళ్ళీ గ్లవ్‌లోకే వచ్చింది. అది రెండు చేతులతో దాన్ని పొట్టకు హత్తుకుని కూలబడి, చాలాసేపటి తర్వాత ఒక కన్ను తెరిచింది.

మేము ఓడాం, తొమ్మిదీ ఎనిమిదీ. వేంసూరు పిల్లలు సూదిని ఎత్తుకున్నారు. బుల్లెట్ బ్యాటు పారేసి పరుగెత్తుకెళ్ళి, "నా బంతి పడతవానే!" అని దాని వీపు మీద ఒకటిచ్చి, తర్వాత తనూ ఎత్తుకుంది. మాస్టర్ మైదానంలోకి వచ్చేశాడు. కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు దొరక్క టేపుతోనే తుడుచుకుంటున్నాడు. "మేడం, నాకు ఈ ఆట సమజ్ కాదు. మనమే గెలిచినమా?"

"అవ్ మాస్టర్, మనమే గెలిచినం" అన్నాను.

మరుసటి ఆదివారం వేంసూరు వాళ్ళు బదులు తీర్చడానికి ఒక పిల్లను పంపారు, మేనమామ ఎత్తుకెళ్ళిన పిల్లనే. మాకిప్పుడు మనుషులు తక్కువ లేరు మహాప్రభో అంటే బుల్లెట్ వాళ్ళమ్మ ఒప్పుకోలేదు, వచ్చిన బదులు కాదనకూడదట. పదమూడు మందితోనే చస్తున్నదాన్ని, పద్నాలుగో పేరుతో చార్టంతా కొత్తగా వేశాను. ఐదో రంగు పెన్ను కొనాల్సి వచ్చింది.

ఇప్పుడు ఖమ్మంలో పెద్ద బడిలో ఉన్నాను. పేరుకు ఆటల టీచర్నే గానీ, సెలవు పెట్టిన టీచర్ల క్లాసులకు ఎవరు పోవాలో రోజూ పొద్దున్నే రాసేది నేనే (నాన్న దీన్ని చూసి "అదేదో బ్యాంకులో రాసుకోరాదే" అంటాడు). రూల్స్ పుస్తకాలు ఇప్పుడు చివరి పేజీ దాకా చదువుతాను. ఆ నాలుగు రంగుల చార్టు మాత్రం బీరువాలో దాచుకున్నాను. అది తీసినప్పుడల్లా, తెల్లబూట్లేసుకుని ఊళ్ళో అందరికీ రూల్స్ చెప్పిన ఆ పిల్ల టీచరమ్మ గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ రోజు ఆమె ఇంకొక్క వాక్యం చదివి ఉంటే సూది వరుసగా రెండు ఇన్నింగ్స్ మైదానం కొసన ఊరికే నిలబడి, మాస్టర్‌తో కలిసి షేర్ ఆటోలో ఇంటికెళ్ళిపోయేది. చదవకపోవడమే మంచిదైందమ్మా అని ఆమెతో చెప్పాలనిపిస్తుంది.