మా ఇంటి దేవుళ్ళకు సెలవు

మా ఆవిడ కుసుమకుమారికి దేవుళ్ళతో ఉన్న చనువు నాతో కూడా లేదు. గ్యాస్ అయిపోతే "గోవిందా!" పాలు పొంగితే "నారాయణా!" కరెంటు పోతే "ఏడుకొండలవాడా!" బల్లి కనిపిస్తే "అమ్మా దుర్గమ్మా!" వంటింట్లో ఏం జరిగిందో తెలుసుకోవడానికి నేను పేపరు దించి చూడాల్సిన పనే లేదు. ఏ దేవుణ్ణి పిలిచిందో వింటే చాలు. తణుకు నుంచి అమీర్‌పేట వచ్చి ముప్పయ్యేళ్ళు కావస్తోంది. ఈ కోచింగ్ సెంటర్లూ హాస్టళ్ళూ మెట్రో రొదా అన్నీ మా తరవాత వచ్చినవే. అవేవీ ఆవిడ గొంతును తగ్గించలేకపోయాయి.

రాముణ్ణీ కృష్ణుణ్ణీ మాత్రం పిలవదు. నా పేరు రామకృష్ణ కావడమే కారణం. మొగుడి పేరు నోటితో అనకూడదని వాళ్ళమ్మ చెప్పి పంపింది. అందుకని ముక్కోటి దేవతలున్న మా ఇంట్లో ఎవరూ పిలవక ఖాళీగా కూర్చున్నది వాళ్ళిద్దరూ, నేనూ.

కిందటి నెల పంజాగుట్టలో ఒక ఫంక్షన్ హాల్లో ప్రవచనమంటే వెళ్ళాం. ఆవిడ పుణ్యం కోసం, నేను ఏసీ కోసం. ప్రవచనం చెప్పే ఆయన మంచి మాటకారి.

"గ్యాస్ అయిపోతే గోవిందుడెందుకమ్మా? ఏజెన్సీకి ఫోన్ చెయ్యండి. పాలు పొంగితే నారాయణుడు వచ్చి స్టవ్వు కట్టేయాలా? ఆయనేమన్నా మీ ఇంట్లో జీతగాడా? భగవంతుడి పేరును ఊతపదం చేసుకోవడం అపచారం!"

హాలంతా నవ్వింది. మా ఆవిడ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మెట్లు దిగుతుంటే, "ఏమండీ, ఆయన నన్నే చూసి అన్నాడు" అంది.

"వెనక వరసలో కూర్చున్నాం, నిన్నెవరు చూశారే?" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. "పరాయివాళ్ళనైతే అపాయింట్‌మెంట్ తీసుకుని కలుస్తాం. మనవాళ్ళనే కదా ఊరికే పిలిచేది!"

"మీకన్నీ వెటకారమే" అని ఆటో ఎక్కేసింది.

ఆటో దిగి ఇంటికి కూడా రాకుండా కింది వాటాలోకి దూరింది, వెనకే నేనూ. అక్కడ ఇక్బాల్ బేగం ఉంటుంది, కొడుకూ కోడలితో. జాకెట్లు కుడుతుంది. ఎడమ కన్ను ఏనాడో నీటికాసుల జబ్బుతో పోయింది. ఉన్న ఒక్క కంటితోనే మా వీధి ఆడవాళ్ళందరి జాకెట్లూ కుట్టింది. మా ఆవిడకు ఈ ఊళ్ళో దొరికిన మొదటి స్నేహితురాలు ఆవిడే. ఆఖరుది కూడా ఆవిడే, ఎందుకంటే మా ఆవిడ ఇంకెవరికోసమూ వెతకలేదు.

"బేగంగారూ, ఊరికే దేవుడి పేరు అనడం మీలో కూడా తప్పేనా?"

"మా ఫౌజియా సుత గదే అంటది" అని బేగం కోడలి వైపు గడ్డం చూపించింది. "సూది గుచ్చుకుంటె యా అల్లా, దారం తెగితె యా అల్లా. గట్ల అనొద్దంట. గీ వయసుల నా నోటికి తాళమేస్తది!"

"తాళమేం లేదమ్మీ, ఊకె ఊకె అనొద్దన్న, అంతే" అంది ఫౌజియా నవ్వుతూ.

బేగం కూడా నవ్వుతూ సూదిలోకి దారం ఎక్కించబోయింది. దారం పక్కకు పోయింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ పోయింది. నవ్వు ఆపేసి, సూది మా ఆవిడ చేతిలో పెట్టింది.

"జర నువ్వెక్కియ్యి కుసుమా."

అప్పుడు చెప్పారు. ఉన్న ఒక్క కంటికీ శుక్లం ముదిరింది. ఆపరేషన్ చేస్తామన్నారు గానీ, కన్ను బాగా బలహీనంగా ఉంది కనక చూపు వస్తుందని మాటివ్వలేమని డాక్టరు చెప్పాడట. రాకపోతే ఆ మిషనూ ఆగినట్టే, ఆవిడ లోకమూ చీకటే.

ఇంటికొచ్చి మా ఆవిడ దీపం వెలిగించింది. ఆవిడేం మొక్కిందో చెప్పేముందు కాశీ సంగతి చెప్పాలి. కాశీ వెళ్తే ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి రావాలి. ఇక జన్మలో తినకూడదు. మేం వెళ్ళినప్పుడు గంగ ఒడ్డున నిలబడి మా ఆవిడ కాకరకాయ వదిలేసింది. కాకరకాయ ఆవిడకు పుట్టి బుద్ధెరిగాక ఇష్టం లేదు. ఆ మోసం ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది.

"ఈసారి మోసం చెయ్యను స్వామీ" అంది చేతులు జోడించి. "నేను వదల్లేనిదే వదిలేస్తున్నాను. ఇక జన్మలో నీ పేరు ఊరికే అనను. ఆవిడకు చూపు రానీ చాలు."

మర్నాడు పొద్దున్నే పాలు పొంగాయి. ఏ దేవుడి పేరూ వినపడలేదు. పాలు గట్టు మీదికి, గట్టు మీంచి నేల మీదికి వచ్చాయి. నేను వెళ్ళేసరికి ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది. ముఖం ఎర్రబడింది. ఇక ఆపుకోలేక, "కాకరకాయా!" అని అరిచింది.

అది మొదలు. కరెంటు పోతే "ఓరి కాకరకాయో!" బల్లి కనిపిస్తే "అమ్మా కాకరకాయమ్మా!" ఎదురు హాస్టల్ పిల్లలు బాల్కనీలోంచి "ఆంటీ, కిలో ఎంత?" అని అడిగారు. అమీర్‌పేట స్టేషన్లో ఎస్కలేటర్ ఎక్కేటప్పుడు ఎప్పుడూ ఏడుకొండలవాణ్ణి పట్టుకునేది. ఈసారి నా చొక్కా పట్టుకుంది. బొత్తాలు తెగి కిందకు దొర్లిపోయాయి.

మొదట్లో కడుపుబ్బా నవ్వాను. తరవాత తరవాత నవ్వు రాలేదు. ఇల్లు ఇల్లులా లేదు. పేపరు తెరిస్తే వంటింట్లోంచి గిన్నెల చప్పుడే గానీ మాట రాదు. ఒకరోజు వెళ్ళి చూస్తే పొయ్యి ముందు ఊరికే నిలబడి ఉంది.

"ఏమైందే?"

"కాకరకాయ అంటే ఎవరూ పలకరండీ" అంది. కళ్ళనిండా నీళ్ళు.

ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పుతారంటే పంజాగుట్ట ఆసుపత్రికి మేమూ వెళ్ళాం. దారిలో చూశాను, కంగారులో మా ఆవిడ కొత్త జాకెట్టు వేసుకొచ్చేసింది. బేగం మిషను ఆగాక, మా చెల్లెలి కూతురి గృహప్రవేశానికని మెట్రో కింద ఎవరి దగ్గరో కుట్టించుకున్నది. బేగంకు చెప్పొద్దని నాచేత ఒట్టు కూడా వేయించుకుంది.

డాక్టరు కట్టు విప్పాడు. "ఏం కనిపిస్తోందమ్మా?"

బేగం రెప్పలు టపటపా కొట్టింది. కంటిలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఫౌజియా పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. మా ఆవిడ గోళ్ళు నా చేతిలో దిగిపోయాయి. ముక్కోటి దేవతలూ ఆవిడ పళ్ళ వెనకే తోసుకుంటున్నారని నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. డాక్టరు వేళ్ళు చూపించి, "ఇవెన్ని?" అన్నాడు.

బేగం ఆ చేతిని పక్కకు నెట్టేసింది.

"జర జరుగుండ్రి డాక్టర్ సాబ్. యా అల్లా! కుసుమా, గా జాకెట్ ఎవడు కుట్టిండు? చెయ్యి గంత వంకర పెట్టిండు!"

అంతే, మా ఆవిడ నోరు తెరుచుకుంది. "గోవిందా! నారాయణా! ఏడుకొండలవాడా! అమ్మా దుర్గమ్మా! రామా! కృష్ణా!" డాక్టరు చేతిలో టార్చి కింద పడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఆఖరి రెండూ ఆవిడ నోట వినడం అదే మొదలు. నన్ను కాదని తెలుసు. అయినా నా కళ్ళు చెమర్చాయి.

మరుక్షణం గబుక్కున నోరు మూసుకుంది. "అయ్యో, మాట తప్పాను! జన్మలో అననని వదిలేశాను. ఇప్పుడు మీ కన్ను..." అంటూ మొక్కు సంగతంతా చెప్పి బావురుమంది.

బేగం అంతా విని, మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నా కన్ను కోసం నువ్వు నోరు కట్టుకున్నవా, పాగల్! నువ్వు అడిగినవ్, ఆయన ఇన్నడు, పని చేసిండు. ఇప్పుడు ఆయన ముందల నోరు మూసుకొని కూసుంటవా? గది బేఅదబీ, తప్పు కాదా?"

"ఇప్పుడు మీరు ఊకె అనలే ఆంటీ" అంది ఫౌజియా కళ్ళు తుడుచుకుంటూ.

"నిజంగా కంటికి ఏమీ అవదంటారా?"

"నా కంటికేం గాదు. అయ్యేదంత గా జాకెట్‌కే. ముందుగాల ఇప్పియ్యి, ఇంటికి పోంగనే చెయ్యి సరిజేస్త."

"ఓరి భగవంతుడా! ఇక్కడా?"

డాక్టరు దండం పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంట్లో నేను పేపరు తెరిచానో లేదో, వంటింట్లోంచి "నారాయణా!" అని వినిపించింది. పేపరు పక్కన పడేసి, పరుగెత్తుకెళ్ళి స్టవ్వు కట్టేశాను.