కాకా లైట్లు తీసేసిన రోజు

ఆ రోజుల్లో నా ఇంగ్లీషును శంకించేవాళ్ళను చూసి జాలిపడేవాణ్ణి. మా తాతగారు ఇంట్లో మాస్టారును పెట్టి మరీ మా నాన్నకు ఆ భాష చెప్పించారు. పొలాలు పోయాయి, మేడ పోయింది, ఆ ఇంగ్లీషూ నిటారు వెన్నూ మాత్రం నాతో కెనడా దాకా వచ్చాయి. (వాన్ అనే ఊళ్ళో గోదాములో చేరినప్పుడు, పెట్టెలు ఎత్తేటప్పుడు వెన్ను వంచొద్దని సూపర్‌వైజరు చెబితే, మా వంశానికి అది ఒకరు నేర్పాలా అనుకున్నాను.)

అక్కడ నా పక్కన పనిచేసే కుర్దు మనిషిని అందరం కాకా అనేవాళ్ళం. వాళ్ళ భాషలో అన్నయ్య అని అర్థం. షిఫ్టు లీడు ఉద్యోగానికి ఇంటర్వ్యూ వస్తే, "మీరు చదువుకున్నవారు, నాకు నేర్పండి" అని నన్ను అడిగాడు. గురుపీఠం ఎక్కేశాను. చిక్కల్లా ఏమిటంటే, వాళ్ళు ఒట్టు వేయరు, తింటారు. దిగులు పడరు, అదీ తింటారు. "ఐ ఈట్ స్వేర్, ఐ ఈట్ సారో" అనేవాడు.

"ఇంగ్లీషులో అవి తినరయ్యా కాకా!"

"మరి మీ భాషలో ఏం తింటారు?"

"తిట్లు, దెబ్బలు" అన్నాను తొందరపడి.

"అయితే మన రెండిళ్ళ వంటా ఒకటే!" అని విరగబడి నవ్వి, 'తిట్లు' అన్న మాటనూ నోటుబుక్కులో రాసుకున్నాడు. రోజూ లంచ్‌లో రొట్టె చల్లారిపోతున్నా వల్లె వేసేవాడు. అంత పట్టుదల నేను మా వంశంలో చూడలేదు.

మాట తడబడితే సాయానికని మేనేజరు నన్నూ ఇంటర్వ్యూలో కూర్చోనిచ్చింది. "షిఫ్టు అయ్యాక ఏం చేస్తావు?" అని కాకాను అడిగింది.

"ఐ రిమూవ్ ఆల్ ద లైట్స్, మేడమ్."

ఆమె పైకప్పు వైపు చూసింది. "రోజూనా? నిచ్చెన వేసుకుని?"

ఆ వాక్యం నేను నేర్పిందే. మన 'లైటు తీసెయ్'కి నేను తొడిగిన ఇంగ్లీషు కోటు.

"ఎవరు నేర్పారిది?" అందామె నవ్వుతూ. కాకా నా వైపు చూడనైనా లేదు. "నా పొరపాటే మేడమ్" అన్నాడు. నా వెన్ను మొదటిసారి కుర్చీలో వంగింది.

"నీ జట్టులో ఎవరికైనా కష్టం వస్తే?" అని అడిగింది. నేను నూరిపోసిన 'వర్రీ' మరిచిపోయి, "ఐ ఈట్ దెయిర్ సారో" అన్నాడు. ఆమె పెన్ను ఆగింది. ఈసారి నవ్వలేదు. ఉద్యోగం అతనికే వచ్చింది.

బయటికొచ్చాక, "నా పేరు చెప్పలేదేం కాకా?" అన్నాను.

"టీచర్ నో ఈట్ తిట్లు" అన్నాడు.

ఇప్పుడు మా అమ్మాయి "డాడీ, టర్న్ ఆఫ్ ద లైట్" అన్నప్పుడల్లా కాకాకు పాఠాలు చెప్పిన ఆ గురువుగారు గుర్తొచ్చి, ఆర్పే ముందు ఒకసారి పైకి చూస్తాను. బల్బు దాని చోటే ఉంటుంది.